యుద్ధంలో చంపడంపై, చావును సంబరం చేసుకోవడంపై గుణదల నివాసుల తీర్మానం

గుణదల పడవల రేవు పరిసర నివాసుల సర్వసభ్య సమావేశం, మేరీమాత ఉత్సవాలు ముగిశాక వచ్చిన ఆదివారం సాయంత్రం అధ్యక్షుల వారి ఆధ్వర్యంలో జరిగింది. ఏలూరు కాలువ గట్టు మీద వీధిదీపాలు, చెత్త బండి వేళలు అనే రెండు అంశాలు తొందరగానే తేలాయి. మూడో అంశంపై పొద్దుపోయేదాకా వాదోపవాదాలు నడిచి, చివరకు ఈ కింది తీర్మానం ఆమోదం పొందింది.

సందర్భం: 2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో ఉగ్రవాదులు 26 మందిని కాల్చి చంపారు. వారిలో మన విశాఖపట్నం, కావలి వాళ్ళు కూడా ఉన్నారు. మే 7న మన సేనలు ఆపరేషన్ సిందూర్ చేపట్టాయి, మే 10న కాల్పులు ఆగాయి. ఈ నడుమనే, మే 9న, శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండాకు చెందిన జవాను మురళీ నాయక్ నియంత్రణ రేఖ దగ్గర కాల్పుల్లో అమరుడయ్యాడు. పూంఛ్ పట్టణంలో ఫిరంగి గుళ్ళకు పసిపిల్లలు పోయారు. ఆ నాలుగు రోజులూ మన సందుల్లో ఏం జరిగిందో సభ్యులందరికీ తెలుసు. అవతలి దేశంలో ఫలానా రేవు బూడిదైపోయిందని టీవీలో రాగానే సందు మొగలో టపాసులు పేలాయి. తెల్లారేసరికి ఆ వార్త ఉత్తదని తేలింది. తర్వాత అదే మొగలో మురళీ నాయక్ ఫొటోతో ఫ్లెక్సీ కట్టి కొవ్వొత్తులు వెలిగించారు. రెండు పనులూ చేసింది మన సందు కుర్రాళ్ళే. వాళ్ళను దోషులుగా నిలబెట్టడం ఈ సభ ఉద్దేశం కాదు. టపాసులకు చందాలిచ్చింది పెద్దలేనన్న సంగతి కూడా మినిట్స్‌లో రాయాల్సిందేనని కోశాధికారి పట్టుబట్టారు. రాయడమైనది.

చర్చ: ముసాయిదాలో మొదటి వాక్యం ‘యుద్ధంలో చంపడం కూడా హత్యే’ అని ఉంది. సుబేదారుగా రిటైరైన సభ్యులు దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. 2024 సెప్టెంబరులో బుడమేరు గండ్లు పడి బెజవాడ సగం మునిగినప్పుడు, ఇనుప వలతో బుట్టలు అల్లి, రాళ్ళు నింపి, పారే నీళ్ళలో దింపిన ఆర్మీ ఇంజనీర్ల మాటేమిటని ఆయన అడిగారు. ‘‘ఆ చేతులూ తుపాకీ పట్టిన చేతులే అధ్యక్షా. హంతకుడు అనే మాట రాస్తే వాళ్ళకీ తగులుతుంది. నన్నంటే పడతాను, వాళ్ళననొద్దు’’ అన్నారు. ‘చంపవద్దు’ అన్న దైవాజ్ఞకు మినహాయింపులు రాసుకునే హక్కు మనకెక్కడిదని ఉపదేశి గారు జవాబిచ్చారు. ఆజ్ఞ దేవుడిదే కానక్కరలేదనీ, దేవుణ్ణి ఒప్పుకోని గోరా గారు ఇదే ఊళ్ళో, పటమటలో, అహింసనే పట్టుకుని బతికారనీ మరొకరు గుర్తుచేశారు.

అశోకుడి ప్రస్తావన వచ్చాక చర్చ దారిన పడింది. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఆయన పద్నాలుగు శిలాశాసనాలూ ఉన్నాయి. పదమూడోది కళింగ యుద్ధం గురించి. లక్షన్నర మందిని చెరపట్టి తరలించామనీ, లక్షమంది హతులయ్యారనీ, అంతకు ఎన్నో రెట్లు ఇతరత్రా చనిపోయారనీ గెలిచిన రాజే చెక్కించాడు. చచ్చినవాళ్ళు శత్రువులు, లెక్క రాసింది చంపినవాడు. ఆంధ్రుల పేరు కూడా ఆ శాసనంలో ఉంది కాబట్టి, అది మన పెద్దలకూ వినిపించిన మాటే అనుకోవాలి. అయితే దాన్ని కళింగలోనే, ధౌళిలో గానీ జౌగడలో గానీ వేయించలేదు. అక్కడ బదులుగా వేరే శాసనాలు పెట్టించాడు. పశ్చాత్తాపం ఊరందరికీ చాటినవాడికి, దెబ్బతిన్నవాళ్ళ ఎదుట మాత్రం నోరు పెగల్లేదని ఒక సభ్యురాలు అన్నారు. సభ కాదనలేదు. సుబేదారు గారు కూడా ఒక విషయం ఎత్తిచూపారు: అదే శాసనంలో అడవి జాతులను, తనకు బాధ ఉన్నా బలమూ ఉందని రాజు హెచ్చరించాడు. కత్తి ఒరలో పెట్టాడే గానీ పారేయలేదు. కాబట్టి అశోకుణ్ణి చూపించి సైన్యమే వద్దనడం చెల్లదు.

చచ్చినవాళ్ళను లెక్కించే ఈ విషయమే సభను ఎక్కువసేపు పట్టి ఉంచింది. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో, సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబుతో కలిపి మన సైనికులు 20 మంది చనిపోయారు. అవతల నలుగురు పోయారని చైనా ఒప్పుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది. సొంత బిడ్డల చావునే దాచుకునే ప్రభుత్వాలు ఎదుటివాళ్ళ చావును లెక్కిస్తాయా? ఆ రాత్రి గురించి ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. రాళ్ళతో, మేకులు దిగ్గొట్టిన కర్రలతో కొట్టుకున్నారు తప్ప తుపాకులు పేలలేదు. వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపల కాల్పులు జరపకూడదని 1996లో రెండు దేశాలూ రాసుకున్న ఒప్పందం వల్లే ఆ మాత్రమైనా ఆగింది. యుద్ధానికి నియమాలేమిటి అని వెటకారం చేసేవాళ్ళకు ఈ సభ ఇచ్చే జవాబు ఇదే. అదే కాగితం లేకపోతే ఆ రాత్రి ఎందరు పోయేవారో!

కార్గిల్‌లో టైగర్ హిల్ దగ్గర పోరాడి చనిపోయిన పాకిస్తాన్ కెప్టెన్ కర్నల్ షేర్ ఖాన్ సంగతి సుబేదారు గారే చెప్పారు. అతను గొప్పగా పోరాడాడని మన బ్రిగేడియర్ బాజ్వా చీటీ రాసి, శవం జేబులో పెట్టించి అవతలికి పంపారు. తర్వాత అతనికి ఆ దేశపు అత్యున్నత సైనిక పురస్కారం దక్కింది. ఎదురుగా నిలబడి పోరాడినవాళ్ళు అంత మర్యాద చూపగలిగితే, రెండు వేల కిలోమీటర్ల దూరాన మిర్చి బజ్జీ తింటూ టీవీ చూసేవాళ్ళకు ఆ రోషం ఎందుకని ఆయనే అడిగారు. (నాటకాల పిచ్చి ఉన్న ఒక పెద్దాయన దీనికి తోడు చేర్చారు: తిరుపతి వేంకట కవుల రాయబారం సీనులో మన జిల్లా జనం వన్స్‌మోర్ కొట్టేది సంధి మాటలకు కాదు, యుద్ధం వస్తే ఏమవుతుందో బెదిరించే పద్యానికి. నవ్వులు.)

ఈ చర్చ తర్వాత ముసాయిదా మొదటి వాక్యాన్ని తొలగించి, సభ ఇలా తీర్మానించింది:

దేశాన్ని, ప్రజలను కాపాడుకోవడానికి చంపక తప్పని వేళ రావచ్చు. తప్పనిది కావడం వల్ల అది మంచిపని అయిపోదు. ఆ భారాన్ని మన తరఫున మోసే సైనికుణ్ణి ఈ సభ గౌరవిస్తుంది. ఆ భారాన్ని వేడుకగా మార్చడాన్ని ఖండిస్తుంది. ఆయుధం పట్టని మనిషిని కావాలని చంపితే, చంపినవాడు ఏ జెండా పట్టుకున్నా, ఏ మతం పేరు చెప్పినా, అది హత్యే.

ఏ దేశంలోనైనా మనుషులు చనిపోయారన్న వార్తకు మన వీధుల్లో టపాసులు, డీజే, మిఠాయిలు ఉండవు. చవితి పందిట్లో శవాలు, కూలిన ఇళ్ళు ఉండే యుద్ధ దృశ్యాలు పెట్టనివ్వం. సెలవు మీద ఇంటికొచ్చే జవానుకు స్వాగతం, సన్మానం ఎప్పటిలాగే చేస్తాం, దానికి దీనికి ముడిపెట్టవద్దు. నివాసుల వాట్సాప్ గ్రూపులో శవాల వీడియోలు పెట్టినవారిని ఒకసారి హెచ్చరించి, రెండోసారి గ్రూపు నుంచి తీసేస్తారు. ఉత్సవాల దుకాణాల్లో బొమ్మ తుపాకులు అమ్మకుండా చూడాలన్న ప్రతిపాదన మాత్రం వీగిపోయింది.

అమరవీరులకు నివాళి అర్పించే ప్రతిసారీ, ఆ యుద్ధంలో రెండువైపులా పోయిన పౌరులనూ సైనికులనూ తలచుకుని మౌనం పాటిస్తాం. ఇది ఏకగ్రీవం కాలేదు. శత్రు సైనికుడికి మౌనమేమిటని కొందరు అభ్యంతరం చెప్పారు, వారి అసమ్మతి నమోదైంది. ఉగ్రవాదులకూ ఇదే వర్తిస్తుందా అన్న ప్రశ్నకు అధ్యక్షులు వర్తించదని చెప్పారు. వాళ్ళు సైనికులు కారు, వాళ్ళకు మౌనం లేదు. కానీ వాళ్ళ శవాల మీద కూడా సంబరం లేదు.

టపాసులకని మిగిలి ఉన్న చందా డబ్బులో సగం డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినోత్సవ నిధికి, సగం రెడ్ క్రాస్‌కు చెల్లిస్తాం. సగం సగమెందుకు, మొత్తం జవాన్లకే ఇవ్వొచ్చు కదా అన్న సవరణ ఓడిపోయింది. గాయపడినవాడు ఎవరైనా సరే, ఎత్తుకెళ్ళే సంస్థ ఒకటి ఉండడం జవానుకూ అవసరమేనని సుబేదారు గారు చెప్పాక చేతులు లేచాయి.

1949 నాటి జెనీవా ఒప్పందాలను మన దేశం 1950లోనే ఆమోదించింది, 1960లో వాటికోసం చట్టం కూడా చేసింది. పౌరుల రక్షణను ఇంకా విస్తరించిన 1977 అదనపు ప్రోటోకాళ్ళలో మాత్రం చేరలేదు. చేరాలని కేంద్ర ప్రభుత్వాన్ని కోరుతున్నాం. అణ్వస్త్రాన్ని ముందుగా ప్రయోగించబోమని 2003లో ప్రకటించిన విధానాన్ని సడలించవద్దనీ కోరుతున్నాం. అర్జునుడు పాశుపతం పొందింది మన ఇంద్రకీలాద్రి మీదేనని ఈ ఊరి నమ్మకం. తేలిగ్గా ప్రయోగిస్తే లోకమే దగ్ధమవుతుందని చెప్పి మరీ శివుడు దాన్ని చేతికిచ్చాడు.

తీర్మానం ప్రతులను విజయవాడ పార్లమెంటు సభ్యులకు, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి, రెడ్ క్రాస్ జిల్లా శాఖకు పంపాలి. ఫ్లెక్సీలు కట్టే కుర్రాళ్ళెవరూ ఈ సమావేశానికి రాలేదు కాబట్టి, వచ్చే ఆదివారంలోగా వాళ్ళను టీ బడ్డీ దగ్గర కూర్చోబెట్టి చదివి వినిపించి, వాళ్ళ అభ్యంతరాలు రాసుకురావాల్సిన బాధ్యతను కార్యదర్శికి, సుబేదారు గారికి అప్పగించడమైనది.