ఎదుటివాని బలము లేని పట్టిక

2022-23 రంజీ ట్రోఫీలో హైదరాబాదు జట్టు ఏడు మ్యాచ్‌లాడి, ఆరింట ఓడి, ఒక్కటి మాత్రము డ్రా చేసికొని, ఒకే ఒక్క పాయింటుతో తన గ్రూపున అట్టడుగున నిలిచి, ఎలైటు విభాగమునుండి ప్లేటు విభాగమునకు జారిపోయెను. మరుసటి ఏట ఆ జట్టే, తన్మయ్ అగర్వాల్ మొదలగు పాతవారే ముఖ్యులుగా, ప్లేటు లీగులో ఐదింటికి ఐదును గెలిచి, సెమీఫైనలులో నాగాలాండును, 2024 ఫిబ్రవరిలో ఉప్పల్ మైదానమున జరిగిన ఫైనలులో మేఘాలయను ఓడించి, ఓటమి యన్నది యెరుగక తిరిగి పైమెట్టు నెక్కెను. మొదటి ఏట ఈ జట్టుకు ఆట రాదని తిట్టినవారును, రెండవ ఏట హైదరాబాదు క్రికెట్టుకు పూర్వవైభవము వచ్చినదని పొగడినవారును పట్టుకొని కూర్చున్నది పాయింట్ల పట్టికనే. అందులో గెలుపు, ఓటమి, డ్రా అను గడులు గలవు గాని, ఎవరిపై గెలిచిరి, ఎవరిచేత ఓడిరి అను గడి లేదు. ఆ గడి లేని పట్టికతో ఒక జట్టు యోగ్యతను తేల్చివేయుట అన్యాయమని నా నిశ్చితాభిప్రాయము.

ఆ ఓటముల ఏటి గ్రూపును ఒకసారి పరికింపుడు. ఎలైటు ‘బి’ గ్రూపులో హైదరాబాదుతోపాటు ముంబై, సౌరాష్ట్ర, తమిళనాడు, మహారాష్ట్ర, ఢిల్లీ, ఆంధ్ర, అస్సాం జట్లుండెను. ఆ గ్రూపునుండి ముందుకు సాగిన సౌరాష్ట్రయే ఆ ఏటి ట్రోఫీని గెలుచుకొన్నది. ముంబై, మహారాష్ట్రలు చివరి లీగు మ్యాచ్‌లో తలపడి, మొదటి ఇన్నింగ్సులో రెండును సరిగా 384 పరుగులే చేసి, ఆధిక్యము ఎవరికిని దక్కక, రెండును ఇంటిదారి పట్టినవి. వాటికి అందని క్వార్టర్ ఫైనలు మన ఆంధ్ర జట్టుకు దక్కినది. ముంబైవంటి జట్టే దాటలేని గ్రూపది. ఇక ఆ ఏటి నిబంధన యేమనగా, నాలుగు గ్రూపులలోని 32 జట్లనుండి అందరికంటె వెనుకబడిన రెండు జట్లు క్రిందికి పోవలసి యుండెను. ఆ ప్రకారమే హైదరాబాదు, నాగాలాండులు దిగిపోయినవి. ఒక గ్రూపులోని జట్టు మరొక గ్రూపులోని ప్రత్యర్థులతో ఒక్క బంతియైన ఆడియుండదు. అట్లయ్యు, వేర్వేరు ప్రత్యర్థులతో ఆడి తెచ్చుకొన్న పాయింట్లను ఒకే త్రాసున వేసి, వీడు వానికంటె తక్కువవాడని తీర్పు చెప్పుచున్నాము.

దీనిని పట్టుకొని హైదరాబాదుకు సాకు వెదకుచున్నానని ఎవరైన అనవచ్చును. ఆ జట్టు ఆరు ఓటములలో అస్సాం చేతిలో పొందినదియు గలదు. ఒక్క పాయింటు తెచ్చుకొన్న జట్టు ఏ గ్రూపులో నున్నను బహుశః క్రిందనే యుండెడిది. నా వాదము దిగజారుట తప్పని కాదు. ఎంత దిగజారినదో, తరువాత ఎంత కోలుకొన్నదో ఆ అంకెలు చెప్పజాలవనియే నా వాదము.

ఈ సంగతి బ్యాట్స్‌మన్ల అంకెలలో మరింత స్పష్టముగ గోచరించును. 2024 జనవరి 26న అరుణాచల్ ప్రదేశ్ జట్టుపై తన్మయ్ అగర్వాల్ 147 బంతులలో మూడు వందల పరుగులు పూర్తిచేసి, ప్రథమశ్రేణి క్రికెట్టులో ప్రపంచమున కెల్ల అత్యంత వేగవంతమైన త్రిశతకమును సాధించెను. మరునాడు 366 పరుగులకు ఔటయ్యెను. సరిగా ముప్పది యేండ్లకు పూర్వము, 1994 జనవరిలో, హైదరాబాదుకే ఆడిన ఎం.వి. శ్రీధర్ ఆంధ్ర జట్టుపై కొట్టినదియు 366 పరుగులే; నాడు హైదరాబాదు ఆరు వికెట్లకు 944 పరుగులు చేసినది. ఈ రెంటి నడుమ, 2000 సంవత్సరములో, రంజీ సెమీఫైనలున బెంగుళూరులో, కర్ణాటక జట్టు వారి సొంత మైదానముననే, వి.వి.యస్. లక్ష్మణ్ 353 పరుగులు చేసెను. కేవలము అంకెను చూచిన లక్ష్మణ్ ఇన్నింగ్సు మూడవది. ఆడిన స్థలమును, దశను, ఎదుటి బౌలింగును చూచిన దానిని మొదట నిలుపుటకు నాకు సందేహము లేదు. అరుణాచల్ రంజీలో ప్రవేశించినదే 2018-19లో. ఆ మ్యాచ్‌లో వారు మొదటి ఇన్నింగ్సున 172 పరుగులకే ఆలౌటైరి. తన్మయ్ ప్రతిభను తగ్గించుట నా యుద్దేశము గాదు. 147 బంతులలో త్రిశతకము ఎవరిపై కొట్టినను సామాన్యము కాదు. అయినను ఆ యంకె ప్రక్కన ప్రత్యర్థి పేరును వ్రాయకున్న, రేపటి పాఠకునికి మనము సగము సత్యమునే అప్పగించినవారమగుదుము.

నేను వ్రాయుచున్న ఈ సిరికొండ ప్రాంతమున పసుపు పండించు రైతునకు ఇది క్రొత్తగా చెప్పవలసిన మాట కాదు. నిజామాబాదు యార్డులో రెండు కుప్పలు సరితూకముగా తూగినను, కొమ్మునకు నొక ధర, మండకు నొక ధర. కొనువాడు కొమ్మును విరిచి, లోపలి రంగును, ఎండిన తీరును చూచిన పిదపనే ధర పలుకును. ఆటల పట్టికను చూచునపుడు మాత్రము ఆ రైతు కొడుకే తూకమును చూచి సరిపెట్టుకొనుచున్నాడు.

ఈ చిక్కును శ్రద్ధగా విచారించినది అమెరికా బేస్‌బాల్ లోకము. అక్కడి ప్రధాన లీగులో 30 జట్లు. ఒక్కొక్క జట్టు ఏడాదికి 162 మ్యాచ్‌లు ఆడును. ఐదేసి జట్ల చొప్పున ఆరు డివిజన్లు. డివిజన్‌లో మొదటి స్థానము పొందినవానికి తరువాతి దశ తథ్యము. 2005లో పశ్చిమ డివిజన్‌లో శాన్ డియాగో జట్టు 82 గెలుపులు, 80 ఓటములతోనే అగ్రస్థానము నొంది ముందుకు పోగా, అదే లీగు తూర్పు డివిజన్‌లో 88 గెలుపులు గల ఫిలడెల్ఫియా ఇంటనే యుండిపోయెను. అంతకు పూర్వము 1993లో శాన్ ఫ్రాన్సిస్కో జట్టు 103 మ్యాచ్‌లు గెలిచియు, అదే డివిజన్‌లోని అట్లాంటా 104 గెలుచుటచే, పోటీనుండి తప్పుకొనవలసి వచ్చెను. డివిజన్ బలము ఒక జట్టు తలరాతను ఎట్లు మార్చునో ఇంతకంటె వేరు నిదర్శన మక్కరలేదు. 2022 వరకు అక్కడ ఒక్కొక్క డివిజన్ ప్రత్యర్థితో 19 మ్యాచ్‌లు, అనగా నలుగురితో కలిసి 76 మ్యాచ్‌లు ఆడుచుండిరి. బలవంతుల నడుమ పడినవాడు ఏడాదిలో దాదాపు సగము వారితోనే పోరాడవలసి యుండెను. 2023నుండి ఆ 19ని 13కు తగ్గించి, ప్రతి జట్టును తక్కిన 29 జట్లతోను తలపడునట్లు షెడ్యూలును సవరించినారు. వ్యత్యాసము పూర్తిగా పోలేదు; తగ్గినది. తగ్గించవచ్చునని ఋజువైనది గదా!

మన దేశమున ఈ అసమత పాతదే. 1957-58నుండి రంజీ పోటీలను ప్రాంతీయ మండలముల లీగులుగా జరిపిరి. 1969-70 వరకు ఒక్కొక్క మండలమునుండి ఒక్క జట్టే ముందుకు పోవలెను. దక్షిణ మండలమున హైదరాబాదునకు ప్రత్యర్థులెవరు? ప్రసన్న, చంద్రశేఖర్‌లున్న మైసూరు, వెంకట్రాఘవన్ ఉన్న మద్రాసు. ఎం.ఎల్. జయసింహ నాయకత్వమున పటౌడీ, అబీద్ అలీ, జయంతిలాల్‌వంటి వారాడిన ఆ హైదరాబాదు జట్టు ఒక్కసారియు రంజీని గెలువలేదు. 1937-38 తరువాత మరల ట్రోఫీ మన చేతికి వచ్చినది 1986-87లో, ఎం.వి. నరసింహారావు నాయకత్వమున, ఢిల్లీని ఢిల్లీలోనే మొదటి ఇన్నింగ్సు ఆధిక్యముతో లొంగదీసినపుడు. హైదరాబాదునకు మొత్తము రెండు ట్రోఫీలే గదా యని జయసింహ తరమును చిన్నచూపు చూచువారు, ఆ తరము ఏ మండలమున చిక్కుకొన్నదో తలచుకొనవలెను. ఒక మంచి జట్టు రెండవ స్థానమున నిలిచి ఇంటికి పోవుటకు ఆ రోజులలో మైసూరు ఒక్కటి చాలును.

ఐపీఎల్‌లోను ఈ మాట వర్తించును. ఎనిమిది జట్లున్నపుడు ప్రతి జట్టు ప్రతి జట్టుతోను రెండుసార్లు ఆడెడిది. న్యాయము కంటికి కనబడెడిది. 2022లో జట్లు పదియై, మ్యాచ్‌లు పదునాలుగే యుండుటచే, ఒక్కొక్క జట్టు ఐదుగురితో రెండేసి, నలుగురితో ఒక్కొక్కటి ఆడవలసి వచ్చెను. సన్‌రైజర్స్ హైదరాబాదునకు ఆ ఏట రెండుసార్లు ఎదురైనవారిలో విజేత గుజరాత్ ఒకటి. దాదాపు అడుగున నిలిచిన జట్లతో రెండేసి ఆడినవారి పాయింట్లను వీరి ప్రక్కన నిలిపి చూచుట సబబు గాదు.

తిరిగి రంజీకి వత్తము. ప్లేటునుండి పైకి వచ్చిన హైదరాబాదు 2024-25లో ఎలైటులో నాకౌట్ దశకు చేరలేదు. ఆ గ్రూపునుండి ముందుకు పోయినవి విదర్భ, గుజరాత్; ఆ ఏటి ట్రోఫీ విదర్భదే. అనగా ఇటీవల ఎలైటులో ఆడిన ఆ రెండు సీజనులందును హైదరాబాదు గ్రూపుననే ఆ ఏటి విజేత యుండెను. ఇది చెప్పకుండ ‘ప్లేటులో పులి, ఎలైటులో పిల్లి’ యని ఎగతాళి చేయుట సులభము. అయితే ఆ పులికిని పిల్లికిని నడుమ ఎంత దూరమున్నదో కొలుచుటకు కొలబద్ద మన చేతిలోనే యున్నది: ప్రతి జట్టుకు ఎదురైన ప్రత్యర్థులందరి గెలుపోటములను కూడి, వారు ఈ జట్టుతో ఆడిన మ్యాచ్‌లను తీసివేసి, మిగిలినదానిని సగటు కట్టినచో ఆ జట్టు ఎంత కఠినమైన దారిని నడిచినదో తేలును. దీనికి గణిత శాస్త్రజ్ఞుడు కావలసిన పని లేదు. పదవ తరగతి పిల్లవాడు పెన్సిలుతో చేయగలడు.

క్రికెట్ బోర్డువారు గ్రూపులను కట్టునపుడు గత ఏటి బలములను బహిరంగముగ ప్రకటించి, అందుబట్టి పంచవలెను. ఎలైటునుండి దింపివేయు నిర్ణయమునకు ప్రత్యర్థుల బలమును కూడ లెక్కలోనికి తీసికొనవలెను. పత్రికలవారు పాయింట్ల పట్టికను ముద్రించునపుడు, చివర ఆ యొక్క గడిని, ప్రత్యర్థుల గెలుపు శాతమను గడిని, చేర్చవలసినదిగా కోరుచున్నాను. అంగుళము వెడల్పు స్థలము చాలును.