‘ఇతరములు’ నొక్కినవాళ్ళు

పోయిన వేసవిలో ఒక సంస్థ వాళ్ళ ఆన్‌లైన్ ఫారం ఫోన్‌లో పెట్టుకుని, భద్రాచలం దాటి చర్ల వైపు ఒక కోయగూడెంలో కూర్చున్నాను. జీవనోపాధికి ఎవరికి ఏ సాయం చెయ్యాలో దాన్ని బట్టే తేలుస్తారట. ‘మీ వృత్తి?’ వ్యవసాయం, కూలి, ఉద్యోగం, వ్యాపారం, ఇతరములు. ఒక్కటే నొక్కాలి.

చదివి వినిపిస్తే ఆ ఇంటి పెద్దాయన అడిగాడు: “ఏ నెల సంగతి సారూ?”

మిరప తోటల్లో ఏరుడు కూలి, తర్వాత ఇప్పపువ్వు, ఎండలు ముదిరితే తునికాకు, వానలు పడితే పోడు. ‘ఇతరములు’ నొక్కాను. ‘ఇతరములు’కి ఏం సాయం చేస్తారో మరి!

ఖాళీ పెట్టె పెడితే జనం వదిలేస్తారు, రాసినా లెక్కకు రాదు అంటారు సర్వేలు చేసేవాళ్ళు. మొదటిది నిజమే. ఫోన్‌లో తెలుగు టైపు చెయ్యడం మనకే విసుగు. ఇంట్లో కోయ మాట్లాడే పిల్లతో పది పెట్టెలు నింపించడం దౌర్జన్యం. వయసుకీ, రేషన్ కార్డుకీ టిక్కు చాలు. రెండోది మాత్రం ఒప్పుకోను. మన 2011 జనగణనలో మాతృభాషకు గడులు లేవు, చెప్పింది చెప్పినట్టు రాసుకోవాలన్నారు. అలా 19,569 పేర్లు వచ్చాయి. వడపోస్తే 1,369 మాతృభాషలు తేలాయి. చివరికి అచ్చైన 121 భాషల్లో కోయ కూడా ఉంది. (పదివేల మంది మాట్లాడనివాటిని మళ్ళీ ‘ఇతర’లోకే తోశారు, అది వేరే గొడవ.) దేశాన్నంతా అడిగి లెక్క తేల్చగలిగినప్పుడు, మూడొందల ఇళ్ళను అడిగేవాళ్ళకు తీరిక లేదంటే ఎట్లా?

రాగల జవాబులేమిటో మీకు తెలియనప్పుడే ఖాళీ పెట్టె పెట్టండి. తెలుసనుకుంటే, ఎవరు చెప్పగా తెలిసిందో ఒకసారి చూసుకోండి. ముందు ఇరవై ఇళ్ళలో గడుల్లేకుండా మాట్లాడి, వాళ్ళ మాటలతోనే గడులు కట్టండి. ఒకటి కంటే ఎక్కువ నొక్కనివ్వండి. ‘ఇతరములు’ పక్కన రాసుకునే చోటు వదలండి.

ఇంకో సంగతి. పెద్దాయన అన్నీ చెప్పాక, “పోడు మాట రాయకు” అన్నాడు. ఫారం పైన ఆయన పేరు, ఫోన్ నంబరు ఉన్నాయి. ఫారెస్టు వాళ్ళ భయం. పేరు రాయించుకుని మనసులో మాట చెప్పమనడం సర్వే కాదు, వాంగ్మూలం.

ఫారం అడుగున ‘మీ సూచనలు’ అని ఒక పెట్టె ఉంది. ఏ నెల సంగతి అడుగుతున్నారో చెప్పమని రాశాను. ‘ధన్యవాదాలు, మీ సమాధానం నమోదైంది’ అని వచ్చింది.