సంఘం చూపు



గడచిన కోత పండుగనాడు తీయించిన ఫొటోలు మా యెదుట ఉన్నవి. వేదికమీద అతిథులు, మెడలో దండలు, వారి మధ్య మేము. కొర్రలు, కందులు బుట్టలతో మోసుకొచ్చిన తల్లులు మాత్రం మెట్లక్రింద, ముఖం ఆనవాలు పట్టలేనంత చిన్నగా ఉన్నారు. ఎవరి కష్టాన్ని బట్టి పండుగ చేశామో వారే సరిగా కనబడలేదు.

జహీరాబాదు ప్రాంతపు స్త్రీలు అప్పుడు మాకు జ్ఞాపకం వచ్చారు. అక్కడ పస్తాపూర్‌లో 1983లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైనది. దాని గ్రామ సంఘాలలో ఎక్కువమంది దళిత స్త్రీలు, కొద్దిపాటి భూమి గలవారు. బీడుపడిన నేలను పశువుల ఎరువుతో, కలిపి వేసే పంటలతో మళ్లీ సాగులోకి తెచ్చారు. ఒకే చేనులో జొన్న, కొర్ర, కంది, పెసర వేస్తారు. వాన తప్పి ఒకటి పోయినా మరొకటి నిలుస్తుంది. పప్పుజాతి మొక్కల వేళ్ల బుడిపెలు నేలకు నత్రజనిని చేరుస్తాయి. రాలిన ఆకు ఎరువవుతుంది. విత్తనం ఇంట్లోనే దాచి, పొరుగువారికి ఇచ్చిపుచ్చుకుంటారు. 2019లో ఈ సొసైటీకి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి లభించింది.

వీరిలో బడి ముఖం చూడని కొందరు 1990ల చివర వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. కెమెరా చూపుకు వారు పెట్టుకున్న పేర్లు వినండి. పైనుండి క్రిందికి చూస్తే పటేలు షాట్. క్రిందనుండి పైకి చూస్తే అది జీతగాని చూపు. కంటికి కన్ను సమానంగా చూస్తే సంఘం షాట్. తమకు నచ్చినది ఈ మూడవదే అన్నారు.

సంఘమనే మాట మేమును ప్రతిదినం పలుకుతాము. కాని మా ఆల్బమ్‌లో ఉన్నవన్నీ పటేలు షాట్లే. మెట్లమీద నిలబడి తీయించినది మేమే గనుక ఆ తప్పు ఫొటోగ్రాఫరుది కాదు.

అందుచేత వచ్చే పండుగకు ముందే కెమెరాతో చేలకు వెళ్లాలనుకున్నాము. కలుపు తీసే తల్లి వంగి ఉంటే తీసేవారు కూడా వంగాలి. ముందుగా ఆమెను అడగాలి. ఆమె చేతిని, ఆమె దాచిన విత్తనాన్ని, ఆమె కాళ్లక్రింది మట్టిని చూపాలి. వీలైతే కెమెరాను ఆమె కూతురి చేతికే ఇవ్వాలి. కడిగించిన మొదటి ప్రతి ఆ ఇంటికే చేరాలి.

అతిథుల ఫొటో ఒకటి తగ్గినా పండుగకు లోటేమీ రాదు.