గౌతమి గట్టున ఆగిన రైలు
హైదరాబాద్ నుంచి చెన్నై, బెంగళూరులకు హైస్పీడ్ రైలు మార్గాల ప్రతిపాదనలు నలుగుతున్న వేళ, ప్రయాణికుల అంచనాలు వేసేవారు ఒకసారి ద్రాక్షారామం స్టేషన్ చూడాలి. ఆ స్టేషన్ ఉన్న, 2004లో మళ్లీ పట్టాలెక్కిన కాకినాడ-కోటిపల్లి మార్గంలో రైల్‌బస్సుకు ఆదరణ కొరవడిందంటే ఆ తప్పు జనానిది కాదు. గోదావరి పాయ గౌతమి గట్టున కోటిపల్లిలోనే ఆగిపోయే రైలును, నది అవతలి అమలాపురం వెళ్లవలసినవారు ఎందుకెక్కుతారు? ప్రయాణికుడు చూసేది గంటకు ఎన్ని కిలోమీటర్లని కాదు. గడప దాటి గమ్యం చేరేదాకా పట్టే సమయం, ఛార్జీ, రోజుకెన్ని సర్వీసులన్నవే. 2007లో మొదలైన తైవాన్ హైస్పీడ్ రైలు సైతం, పలు స్టేషన్లు ఊళ్లకు దూరమై, తొలి ఏళ్లలో అంచనాలను అందుకోలేకపోయింది. ఇక్కడ మాత్రం గిరాకీ సిద్ధంగా ఉంది. 2000-01లో మంజూరైన 57 కిలోమీటర్ల కోటిపల్లి-నరసాపురం మార్గం పూర్తయితే సామర్లకోట, ద్రాక్షారామం, పాలకొల్లు, భీమవరం అనే నాలుగు పంచారామ శివక్షేత్రాలు ఒకే రైలు దారిలోకి వస్తాయి. ఏటా కార్తికంలో ఆర్టీసీ ప్రత్యేకంగా పంచారామ బస్సులు నడపడమే ఈ గిరాకీకి సాక్ష్యం. పాతికేళ్ల నిరీక్షణ చాలు. గౌతమి, వైనతేయ, వశిష్ఠ వంతెనల పూర్తికి రైల్వేశాఖ గడువు ప్రకటించాలి. భూసేకరణ, ఖర్చులో తన వాటా చిక్కులను రాష్ట్ర ప్రభుత్వం తేల్చాలి. కోనసీమ రైళ్ల వేళలను సామర్లకోట మీదుగా సాగే వేగవంతమైన రైళ్లతో ముడిపెట్టేలా ఇప్పుడే ప్రణాళిక వేయాలి.