గంట ప్రయాణమేగా!

"మీ పుట్టిల్లెంత దూరం? విమానంలో గంటేగా!" పదిహేనేళ్ళుగా వింటున్నానీ మాట. చుట్టాలంటారు, మా వారూ అంటారు. ఇవాళ దీని లెక్క తేల్చేస్తాను.

మేముండేది హైదరాబాదు కూకట్‌పల్లిలో. అమ్మ ఉండేది అనకాపల్లిలో. శంషాబాద్ నుంచి విశాఖ విమానాశ్రయానికి ఆకాశంలో గీత గీస్తే దాదాపు 510 కిలోమీటర్లు. గంటకు 800 కిలోమీటర్లు పోయే విమానానికి అది 40 నిమిషాల పని. అయినా టికెట్ మీద గంటంపావు వేస్తారు. రన్‌వే దాకా వెళ్ళడం, పైకెక్కడం, కిందికి దిగడం, ఆగేచోటికి చేరడం అన్నీ కలిపి లెక్కేస్తారు మరి.

మనమూ అలాగే అన్నీ కలిపి చూద్దాం. 10 గంటల విమానానికి ఇంట్లోంచి 7కే కదలాలి. ట్రాఫిక్‌లో శంషాబాద్‌కి గంటన్నర. బ్యాగు తీసుకునే కౌంటర్ గంట ముందే మూసేస్తారు. తర్వాత తనిఖీ వరుస. అక్కడ దిగాక బ్యాగు కోసం నిలబడి, కారు మాట్లాడుకుని అమ్మ గుమ్మం తొక్కేసరికి పన్నెండున్నర. అంటే ఐదున్నర గంటలు.

ఇదింకా మగవాళ్ళ లెక్కే. నా ప్రయాణం రెండు రోజుల ముందే వంటింట్లో మొదలవుతుంది. దోసెల పిండి రుబ్బాలి. పిల్లల యూనిఫాంలు ఇస్త్రీ చేయించాలి. అత్తయ్యగారి బీపీ మాత్రలు పూటపూటకీ డబ్బాలో సర్దాలి. పోయినేడు అమ్మ బాత్రూంలో జారిపడి మణికట్టు విరిగింది. ఇవన్నీ సర్దుకుని నేను వెళ్ళింది మూడో రోజున. అమ్మ నవ్వుతూనే అడిగింది, "గంట ప్రయాణానికి మూడ్రోజులు పట్టిందేమే?" అని. నాకు నవ్వు రాలేదు. అదే మా అత్తయ్యగారికి జ్వరమని తెలిస్తే మా వారు ఆఫీసు నుంచి అటే బయల్దేరిపోతారు. ఆయన దోసెల పిండి రుబ్బి వెళ్ళడం నేనెప్పుడూ చూడలేదు.

"మా రోజుల్లో రాత్రంతా రైల్లో వెళ్ళేవాళ్ళం, మీకు సుఖం ఎక్కువైంది" అంటారు పెద్దవాళ్ళు. నిజమే, రాత్రంతా ప్రయాణమే. కానీ అంత దూరం వెళ్తోంది కదా అని పది రోజులు ఉండనిచ్చేవారు. ఇప్పుడు గంటేగా, శనివారం వెళ్ళి ఆదివారం వచ్చెయ్ అంటున్నారు. విమానం వచ్చి మన దూరాన్ని తగ్గించలేదు, పుట్టింట్లో ఉండే రోజుల్ని తగ్గించింది. "ఎప్పుడైనా వెళ్ళొచ్చులే" అన్న ఆ "ఎప్పుడైనా" క్యాలెండర్లో ఏ తేదీనా కాదు. చివరి నిమిషంలో వెళ్దామంటే టికెట్ ధర చూసి మనమే వెనక్కి తగ్గుతాం.

అందుకే వచ్చే నెలకి టికెట్ కొనేశాను, వెళ్ళడానికీ రావడానికీ మధ్య ఎనిమిది రోజులు పెట్టి. పిండి బజార్లో దొరుకుతుంది, మాత్రల చీటీ ఫ్రిజ్ మీద ఉంటుంది. "గంటేగా" అన్నవాళ్ళు ఆ ఎనిమిది రోజులూ ఇల్లు చూసుకుంటారు. మీరూ ఈసారి ఎవరైనా ఆ మాటంటే, "అయితే రేపే వెళ్తున్నా" అని చూడండి. దూరం ఎంతో అప్పుడు వాళ్ళే చెప్తారు.