గంప ఎత్తకముందే లెక్క చూద్దాం

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంత రైతులకు, కూలీలకు, నేతపనివారికి, సర్పంచులకు, పంతుళ్ళకు విజ్ఞప్తి



"ఉత్తర చూసి ఎత్తర గంప" అనే సామెత మన పెద్దల నోట విననివాళ్ళు ఉండరు. ఉత్తర కార్తె సెప్టెంబరు రెండో వారంలో వస్తుంది. అప్పటికీ వాన పడకపోతే ఆ ఏటి పైరు మీద ఆశ వదులుకోవాల్సిందే, గంప నెత్తికెత్తుకుని బతకను పోవాల్సిందే అని దాని అర్థం. ఫలానా కార్తె దాటాక వాన వచ్చినా పైరు తేరుకోదని చెప్పాలంటే ఎన్ని తరాలు ఆకాశం చూసి ఉండాలి? ఎన్నిసార్లు నమ్మి నష్టపోయి ఉండాలి?

ఆ గంప ఇప్పటికీ దిగలేదు. దీపావళి దాటాక కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు మండలాల పల్లెల్లోకి పోయి చూడండి. వీధిలో తలుపు తర్వాత తలుపుకు తాళం. అరుగు మీద ఒక అవ్వ, ఆమె ఒళ్ళో ఇంకా నడక రాని మనవడు. "ఇంట్లోవాళ్ళు ఏడికి పోయినారవ్వా?" అంటే "సుగ్గికి పోయినారు నాయనా" అంటుంది. గుంటూరు వైపు మిరపకోతకు, పత్తి తీయడానికి పోయినారని. బడి ఈడు పిల్లలు కూడా అమ్మానాన్నల వెంట లారీ ఎక్కేస్తారు. సుగ్గి అంటే పంట ఇంటికొచ్చే కాలం. మన పల్లెల్లో ఆ మాట ఊరు విడిచిపోవడానికి పేరైంది.

ఈ కరపత్రం చెప్పేది ఒక్కటే. ఈ నేల మీద వాన ఎట్లా వస్తుందో, ఎట్లా ఎగ్గొడుతుందో మన ముందరివాళ్ళు తెలుసుకున్నారు, దానికి తగ్గట్టు బతికారు. ఆ ఎరుకను మనం పక్కన పడేశాం. దాన్ని తిరిగి చేతికి తెచ్చుకుని, ఇప్పటి కొలతలతో సరిచూసి, ఊరూరా ఒక నీటిపుస్తకం రాసుకుందాం. ఒక నీటిబండ నాటుకుందాం. రోహిణి కార్తెకు ముందే గ్రామసభలో ఆ లెక్క చదువుకుని, ఆ తర్వాతే విత్తనం కొందాం.

ఈ నేల ఎప్పుడూ ఇట్లా లేదు

బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలున్నాయి. 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ అక్కడ తవ్వితే బయటపడ్డ ఎముకల్లో ఖడ్గమృగానివి కూడా ఉన్నాయి. శాస్త్రజ్ఞులు దానికి మన కర్నూలు పేరే పెట్టారు. ఖడ్గమృగానికి పచ్చిక కావాలి, పొర్లడానికి మడుగులు కావాలి. ఈ చుట్టుపక్కలే ఒకప్పుడు అవన్నీ ఉండేవి.

గోదావరి సముద్రంలో కలిసే చోట బంగాళాఖాతం అడుగున పేరుకున్న మట్టిని తీసి పరీక్షించారు. సుమారు 4,000 ఏళ్ళ కిందటి నుంచి దక్కనులో ఎండను తట్టుకునే మొక్కలు పెరుగుతూ వచ్చినట్టు, అంటే నేల క్రమంగా మెట్టబారినట్టు, ఆ పొరలు చెప్పాయి. ఆ కాలపు మనుషులు మనకు దూరపువాళ్ళు కారు. బళ్ళారి పక్కన సంగనకల్లు, కుప్పగల్లు కొండల దగ్గర పసుల మందలతో బతికినవాళ్ళే. పేడ కాలగా మిగిలిన వాళ్ళ బూడిదదిబ్బలు నేటికీ ఉన్నాయి. వాళ్ళు పండించుకున్నవి అండుకొర్ర, ఉలవ, పెసర. తక్కువ తడితో, తక్కువ రోజుల్లో చేతికొచ్చే గింజలు. ఎండుతున్న నేలను చూసి ఏరుకున్న పంటలవి. ఈనాడు కూడా ఏమీ పండని ఏట ఉలవ చల్లుకుంటున్నామంటే, వేల ఏళ్ళ నాటి ఆ మనుషులు చూపిన దారినే నడుస్తున్నాం.

పత్తికొండ దారిలో ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో, దారుల పక్కన మనుషులకూ పశువులకూ బావులు తవ్వించి చెట్లు నాటించిన సంగతి అక్కడ చెక్కించారు. నీటి సంగతి కాగితం మీద కాక బండ మీద ఉండాలని మన జిల్లాలో ఎవరో ఒకరు ఎప్పుడో అనుకున్నారు.

పాతరలో ఉన్న తెలివి

మీ ఊళ్ళో పెద్దవాళ్ళను జొన్నపాతర గురించి అడగండి. గట్టి నేల చూసి మనిషి దిగేంత గొయ్యి తీసేవాళ్ళు. చుట్టూ జొన్నచొప్పో వరిగడ్డో పరిచి, గింజలు పోసి, పైన గడ్డి కప్పి, బండ పెట్టి మట్టితో మెత్తేవాళ్ళు. తెరిచిన వెంటనే ఎవరూ దిగేవాళ్ళు కాదు. లోపలి చెడుగాలి పోయేదాకా ఆగి దిగేవాళ్ళు. గింజ ఏళ్ళతరబడి చెడకుండా ఉండేది.

ఒక్క ఏటి కరువుకైతే ఇంట్లో గాదె చాలు. ఇంత శ్రమపడి పాతర తవ్వారంటే, ఈ నేల మీద కరువు ఒంటరిగా రాదని, వరసగా రెండు మూడేళ్ళు నిలుస్తుందని తెలుసు కాబట్టే. శాస్త్రజ్ఞులు పట్టికల్లో చూపించేదాన్ని వాళ్ళు మట్టి తవ్వి చూపించారు.

ఆ పాతర ఖాళీ అయితే ఏమవుతుందో 1876లో తెలిసింది. 1860లలో అమెరికా అంతర్యుద్ధం వల్ల పత్తి ధర చుక్కలంటి, మన రేగడి పత్తికి గిరాకీ పెరిగింది. 1871 నాటికి ఆదోని మీదుగా రైలు రాయచూరు చేరింది. గింజకు ధర ఎక్కడుంటే అక్కడికి పోవడానికి దారి పడింది. ఐదేళ్ళకు వాన తప్పింది. ధాత నామ సంవత్సరంలో వచ్చింది కాబట్టి మనవాళ్ళు దాన్ని ధాత కరువు అన్నారు. అప్పుడు ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలో ఉండేది. ఆ కరువులో బళ్ళారి, కర్నూలు జిల్లాలు పడ్డంత బాధ మద్రాసు రాజధానిలో కొద్ది జిల్లాలే పడ్డాయి. 1871కీ 1881కీ మధ్య కర్నూలు జిల్లా జనాభా సుమారు నాలుగో వంతు తగ్గిపోయింది. కరువు పనుల్లో రాళ్ళు కొట్టే మనిషికి రోజుకు ఒక పౌను గింజలు, అంటే అర కిలోకు తక్కువ, చాలని దొరలు లెక్కగట్టారు. మన వీధుల్లో ఆ చావులకు గుర్తుగా నిలబెట్టిన రాయి ఎన్ని ఊళ్ళల్లో ఉంది?

పోరుమామిళ్ళ శాసనం మనకేం చెబుతుంది

కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువును 1369లో బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించాడు. వెయ్యిమంది కూలీలు, రాళ్ళు తోలడానికి వంద బళ్ళు, రెండేళ్ళ పని. ఆ చెరువు ఇప్పటికీ ఉంది. దాని శాసనంలో మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు లక్షణాలు, ఉండకూడని ఆరు దోషాలు చెక్కారు. కట్ట నుంచి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండడం, చెరువు నడుమ మిట్ట, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై ఆయకట్టు తక్కువ కావడం, ఇవే ఆ ఆరు.

ఇప్పుడు మన తుంగభద్ర దిగువ కాలువను ఆ జాబితా పక్కన పెట్టి చూడండి. తుంగభద్ర డ్యాం హోస్పేట దగ్గర ఉంది. కాలువ కర్ణాటక నేలంతా దాటి మన దగ్గరికొస్తుంది. పొలిమేర దోషం. డ్యాం కట్టినప్పుడు 133 టీఎంసీలు పట్టేది, పూడిక చేరి ఇప్పుడు సుమారు 105కు తగ్గింది. ఆయకట్టు కాగితం మీద అట్లాగే ఉంది. నీరు తక్కువ, భూమి ఎక్కువ అనే ఐదో దోషం. 650 ఏళ్ళ కిందట రాతిమీద చెక్కిన హెచ్చరికను చివరి ఆయకట్టు రైతు ప్రతి ఏటా ఒంటిమీద అనుభవిస్తున్నాడు.

ఎందుకు మరిచాం

మొదటి కారణం, మన కాలపు కొలత పొట్టిదైపోయింది. పంట అప్పు ఏడాదికి తీరాలి. ప్రభుత్వం ఐదేళ్ళకు మారుతుంది. "సాధారణ వర్షపాతం" అని రేడియోలో చెప్పేది 1971 నుంచి 2020 దాకా, 50 ఏళ్ళ సగటు. ధాత కరువు ఆ లెక్కలోకే రాదు. ఆ సగటు కూడా నిజం దాచేస్తుంది. 2009లో దేశంలో నైరుతి వానలు 22 శాతం తగ్గాయి. అదే ఏడు సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో తుంగభద్ర పొంగి మంత్రాలయాన్ని, కర్నూలును ముంచేసింది. కరువూ వరదా ఒకే ఏట ఒకే ఇంటి తలుపు తట్టాయి. సగటు చూసి విత్తేవాడికి ఏది అర్థమవుతుంది?

రెండోది, ఒక్క మంచి ఏడు మూడు చెడ్డ ఏళ్ళను మరిపిస్తుంది. పత్తికి ఆదోని మార్కెట్లో ఒకసారి మంచి ధర పలికితే మరుసటేడు ఇంటి ముందరి గడ్డ కూడా పత్తే. కంది సాలు పోయింది, కొర్ర పోయింది.

మూడోది, ఆ తెలివి ఎవరి దగ్గర ఉండేదో చూడండి. తూము తీసే నీరుగంటి దగ్గర, గొర్లు కాసే పిల్లగాడి దగ్గర, విత్తనాల బుట్ట కట్టిపెట్టే అవ్వ దగ్గర. వాళ్ళ మాట ఏ ఆఫీసు ఫైల్లోకీ ఎక్కలేదు. 1984లో వంశపారంపర్య కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. రద్దు కావడం న్యాయమే. కానీ ఊరి వానను, చెరువును కనిపెట్టుకుని ఉండే బాధ్యత ఎవరికీ అప్పగించలేదు.

నాలుగోది బోరు. మోటారు మీట నొక్కితే నీళ్ళు వస్తున్నన్నాళ్ళు వంక ఎందుకు పూడిందో చూసేవాడు లేడు. బోరు ఎండిన రోజున వంక దారి చూపే మనిషి లేడు.

గుడ్డిగా నమ్మమనడం లేదు

పాతదంతా గొప్పదని మేం అనడం లేదు. కార్తెలనే తీసుకోండి. అవి సూర్యుడు నక్షత్రాల్లో నడిచే లెక్క. భూమి ఇరుసు మెల్లగా తిరగడం వల్ల ఆ లెక్క రుతువుల నుంచి సుమారు 70 ఏళ్ళకు ఒక రోజు చొప్పున జరుగుతుంది. ఒకప్పుడు మకర సంక్రాంతి నాడే ఉత్తరాయణం మొదలయ్యేది. ఇప్పుడు పొద్దు మళ్ళేది డిసెంబరు 21, 22కు. మన పంచాంగకర్తలకు ఈ సంగతి తెలుసు, అయనాంశ అని దాన్ని లెక్కగట్టారు. వేల ఏళ్ళ మీద రుతుపవనాల బలాన్ని మార్చిన కారణాల్లో ఈ ఇరుసు కదలిక కూడా ఒకటని నేటి శాస్త్రం చెబుతోంది. దానికి తోడు ఇప్పుడు మనుషులు కాల్చిన బొగ్గు, చమురు వల్ల గాలి వేడెక్కి మార్పు ఇంకా వేగమైంది.

కాబట్టి తాత చెప్పిన కార్తెను అట్లాగే పట్టుకుని కూర్చుంటే చాలదు. తాత చేసిన పని పట్టుకోవాలి. ఆయన చూశాడు, గుర్తుపెట్టుకున్నాడు, కొడుక్కు చెప్పాడు. మనం చూద్దాం, కొలుద్దాం, రాసి పెడదాం.

మనం చేయవలసింది

1. నీటిపుస్తకం. ప్రతి పంచాయతీలో ఒక రిజిస్టరు. వాన పడిన తేదీ, కార్తె, ఎన్ని మిల్లీమీటర్లు, ఎంత పదును అయింది, తొలి విత్తనం ఎప్పుడు పడింది, ఎంపిక చేసిన ఐదు బావుల్లో నీటిమట్టం, ఎన్ని ఇళ్ళు ఏ వారంలో సుగ్గికి పోయాయి, ఎప్పుడు తిరిగొచ్చాయి. వానకొలత డబ్బా బడిలో పెట్టి పిల్లలతో రాయించాలి. మొదటి పేజీల్లో ఊరి వృద్ధులు చూసిన కరువులూ వరదలూ వాళ్ళ మాటల్లోనే రాయాలి. ఇది ఈ ఏడే మొదలుకావాలి. ఆ మనుషులు మనకోసం ఆగరు.

2. నీటిబండ. చెరువుకట్ట మీదో రచ్చబండ దగ్గరో ఒక రాయి. 2009 వరద ఎక్కడిదాకా వచ్చింది, ఏ ఏట చెరువు ఎండింది, చేదబావి ఎన్ని మట్లకు దిగింది చెక్కించాలి. చెక్ దేశంలో ఎల్బే నది ఎండినప్పుడల్లా 'ఆకలి రాళ్ళు' బయటపడతాయి. దేచిన్ పట్టణం దగ్గర రాయి మీద 1616 నాటి గుర్తు ఇంకా చదవొచ్చు. జపానులో అనెయోషి అనే పల్లెవాళ్ళు 1933 సునామీ తర్వాత రాయి నాటి, దాని కింద ఇల్లు కట్టొద్దన్నారు. 2011 సునామీ నీళ్ళు ఆ రాతికి దిగువనే ఆగాయి, పైన కట్టుకున్న ఇళ్ళు నిలిచాయి.

3. రోహిణికి ముందు గ్రామసభ. నీటిపుస్తకం గట్టిగా చదవాలి. దాన్నిబట్టి ఈ ఏడు ఎంత పత్తి, ఎంత జొన్న, ఎంత కొర్ర, సాళ్ళల్లో కంది ఎంత అని ఊరు మాట్లాడుకోవాలి. ముంగారి (తొలకరి పైరు) తప్పితే హింగారికి (వెనకటి పైరుకు) ఏం వేయాలో అప్పుడే అనుకోవాలి.

4. ఊరి పాతర. కొర్ర, అండుకొర్ర, జొన్న, సజ్జ, ఉలవ, కంది విత్తనాలూ గింజలూ రెండేళ్ళకు సరిపడా ఊరి నిల్వలో ఉండాలి. ప్రభుత్వం వీటిని మద్దతు ధరకు కొని రేషనుకు, హాస్టళ్ళకు, మధ్యాహ్న భోజనానికి ఇవ్వాలి. కొనేవాడు లేకుండా కొర్ర వేయమని రైతుకు చెప్పడం అన్యాయం.

5. వంక ముందు, బోరు తర్వాత. ఉపాధి పనుల్లో మొదటి పద్దు చెరువులోకి నీళ్ళు తెచ్చే వంకలు, అలుగులు, తూములకే రాయాలి.

6. బనవాసి కృషి విజ్ఞాన కేంద్రం ఏటా ఈ పుస్తకాలన్నీ తెప్పించి, పోల్చి చూసి, ఫలితాన్ని తెలుగులో ఊరూరికీ తిరిగి పంపాలి.

"మాకు నీళ్ళు కావాలి గానీ పుస్తకాలెందుకు?" అని కొందరు అడుగుతారు. నీళ్ళు అడగొద్దని మేం అనడం లేదు. కాలువలో మన వాటా చివరి ఎకరం దాకా రావాలి, ఎత్తిపోతలు కావాలి, గట్టిగా అడుగుదాం. అయితే అడిగే నోటికి బలం లెక్కతో వస్తుంది. ఇరవై ఏళ్ళ నీటిపుస్తకం బల్ల మీద పెట్టి "మా ఊరికి ఇన్నిసార్లు నీళ్ళు రాలేదు, ఇన్ని ఇళ్ళకు తాళాలు పడ్డాయి" అని చెబితే ఏ అధికారీ తేలిగ్గా కొట్టిపారేయలేడు. ఇప్పుడు మన చేతిలో ఉన్నది అర్జీ ఒక్కటే. రేపు సాక్ష్యం ఉంటుంది.

ఖర్చు ఎంత? ఒక రిజిస్టరు, ఒక వానకొలత డబ్బా, ఒక బండ, చెక్కే మనిషి కూలి. అంతకంటే ముందు కావలసింది అరుగు మీద కూర్చున్న అవ్వ పక్కన ఒక గంట కూర్చోవడం. వచ్చే ఆదివారమే పోయి, ఆమె చిన్నప్పటి కరువు గురించి అడగండి. ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. ఆమె ఒళ్ళో ఉన్న పిల్లవాడు పెద్దయ్యాక ఉత్తర కార్తెలో ఆకాశం చూసే రోజున, ఆ పేజీ వాడి చేతిలో ఉండాలి.

ఇట్లు
మీ ఊరివాడే, ఒక మెట్టరైతు కొడుకు