వీసా దరఖాస్తు: అడుగువాని ధర్మము

ప్రశ్న వేయుటయు నొక విద్యయే. ఉత్తరము చెప్పువాని కెంత బాధ్యత కలదో ప్రశ్నించువానికిని అంత బాధ్యత కలదు. మేము బడిపంతులము, ఇరువది యేండ్లుగా ప్రశ్నపత్రములు కూర్చుచున్న వారము. తరగతిలో నొక బాలుడు తప్పినచో అది బాలుని లోపము కావచ్చును. తరగతి యంతయు నొకే ప్రశ్నకడ తప్పినయెడల లోపము ప్రశ్నలోనే యున్నదని ప్రతి యుపాధ్యాయుడును ఎఱుగును. ఈ చిన్న సత్యమును ప్రభుత్వములు మఱచినప్పుడు ప్రజ లెట్టి యవస్థ పడుదురో చూపుటకు అమెరికా సంయుక్తరాష్ట్రముల వీసా దరఖాస్తు కంటె మంచి యుదాహరణము మాకు కనబడదు.

డి.యస్.-160 అను పేరుగల యీ పత్రమును, చదువుకొనబోవు విద్యార్థియు, ఉద్యోగమునకు పోవు యువకుడును, పురిటికి కూతురి యింటికి పోవు తల్లియు కంప్యూటరులో ఇంగ్లీషుననే నింపవలెను. హైదరాబాదులో అమెరికా కాన్సులేటు 2008లో పైగా ప్యాలెసున ప్రారంభమై, 2023లో నానక్‌రామ్‌గూడలోని నూతన భవనమునకు మాఱినది. భవనము క్రొత్తదైనది, పత్రము స్వభావము పాతదే.

మొదటి చిక్కు మన పేరే. మనకు ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు వెనుక. కందుకూరి వీరేశలింగముగారు నేడు దరఖాస్తు పెట్టదలచినచో, మొదట వచ్చు పేరే 'ఫస్టు నేము' కాబోలునని 'కందుకూరి'ని పెట్టినపేరు గడిలో వ్రాయుదురు. ఆ తప్పు వారిది కాదు. పాసుపోర్టులో పెట్టినపేరు గడి ఖాళీగా నున్నవారు దరఖాస్తులో ఆ గడియందు 'ఎఫ్.ఎన్.యు.' అను మూడక్షరములు వేయవలెనట! పేరు తెలియదని వాని యర్థము. బారసాలనాడు బియ్యములో వ్రాసి, బంధువు లందఱు విన పెట్టిన పేరుగల మనుష్యుడు, పరదేశపు ముద్రతో పేరు తెలియనివా డగుచున్నాడు. ఇక వివాహిత స్త్రీలను, వేఱు పేరు లెప్పుడైన వాడితిరా యని యడుగుచు, పుట్టింటి పేరును దొంగలు పెట్టుకొను మాఱుపేరును ఒక్క ప్రశ్నలోనే కలిపివేసిరి. చదువు సర్టిఫికెట్టులలో ఒక యింటిపేరు, పాసుపోర్టులో మఱియొక యింటిపేరు గల యిల్లాలు ఆ ప్రశ్నకడ భయపడుటలో వింత యేమి?

మఱియొక ప్రశ్న, మీ రేదైన తెగకు గాని వంశమునకు గాని చెందినవారా యని. ఇది గోత్రమా? కులమా? ఇంటిపేరా? అడిగినవారి యభిప్రాయ మేదియో వ్రాయువానికి తెలియదు. ఇంకొకటి, మీ పేరునకు 'టెలికోడు' కలదా యని. అది చీనా లిపిలోని యక్షరములకు తంతివార్తలకొఱకు కల్పించిన నాలుగంకెల గుర్తు. చీనావారి కది యవసరము కావచ్చును. గుంటూరు తల్లి నేల యడుగవలెను? మన న్యాయశాస్త్రమున 'ఛల' మను దోషము చెప్పబడినది. 'నవకంబలుడు' అని యొకడు క్రొత్త కంబళి యను నర్థమున పలుకగా, వీనికి తొమ్మిది కంబళు లెక్కడివని రెండవవా డాక్షేపించుట దాని కుదాహరణము. రెండర్థముల మాటతో నెదుటివానిని చిక్కించుట వాదమున తప్పని మన పూర్వులు నిర్ణయించిరి. దరఖాస్తున నది యొప్పెట్లగును?

కాలమును గూర్చియు చెప్పవలెను. ఈ పత్రమునకు 90 నిమిషములు పట్టునని ఆ ప్రభుత్వమే యంచనా వేసినది. కాని యిరువది నిమిషములు చేయి కదపక యున్నచో పని నిలిచిపోవును, దాచుకొననిది పోవును. ఐదేండ్లలో చూచిన దేశములు, పూర్వము అమెరికాకు పోయివచ్చిన తేదులు, 2019 నుండి ఐదేండ్ల సోషల్ మీడియా ఖాతాల పేర్లు, ఇన్నియు అడిగెదరు. పాత పాసుపోర్టు వెదకుటకు బీరువాకడకు పోయిన ముసలి తండ్రి తిరిగి వచ్చునప్పటికి వ్రాసినదంతయు మాయమై యుండును. తల్లిదండ్రుల పుట్టినతేది తెలియనిచో 'తెలియదు' అని గుర్తు పెట్టుట కొక గడి యుంచిరి. ఇది మెచ్చదగినది. ఒక్కచోట చూపగలిగిన దయను తక్కిన చోట్ల నేల చూపరాదు?

దేశరక్షణకు ఇంత కాఠిన్య మవసరమని కొంద ఱందురు. కాఠిన్యము వేఱు, క్లిష్టత వేఱు. మీరు ఉగ్రవాదమునకు పాల్పడితిరా, జనసంహారమున పాల్గొంటిరా యని యడుగుట నవ్వుటకు తగిన పని కాదు. అబద్ధము వెల్లడి యైనచో చర్యకు ఆ యుత్తరమే యాధారమగును. కాని ప్రశ్న స్పష్టముగా నున్నప్పుడే గదా అబద్ధము అబద్ధమని తేలునది! మసకప్రశ్న వంచకునకు కవచము. 'నాకు అర్థము కాలేదండీ' యని వాడు తప్పించుకొనజూచును. నిజాయితీపరునకు మాత్ర మది గోతి. బుద్ధిపూర్వకముగా అసత్యము చెప్పెనని నిర్ణయింపబడినవానికి ఆ దేశ శాసనమున జీవితాంతము అనర్హత కలదు; ప్రత్యేక మినహాయింపు దొరికిననే తప్ప దారి లేదు. ఇంతటి శిక్ష వెనుక నిలిచియున్న ప్రశ్నలు పసిబిడ్డకును తెలియునట్లు ఉండవలదా?

ఈ చీకటిలో లాభపడువా రెవరు? దళారులు. ఫారము నింపుట యేదో మంత్రవిద్య యైనట్లు రుసుము గుంజువారు వీధివీధిన వెలసిరి. చిలుకూరు బాలాజీ స్వామికి 'వీసా దేవు'డను పేరు వచ్చినది. కోరిక చెప్పుకొన్నప్పుడు పదునొకండు, తీరినపిమ్మట నూటయెనిమిది ప్రదక్షిణములు. భక్తిని మేము నిందింపము. కాని కారణము తెలియని చోటనే మనుష్యుడు అద్భుతమును వెదకును. వీసా యేల వచ్చునో, యేల రాదో తెలియని స్థితిని కార్యాలయములు కల్పించి, ప్రజలు మూఢులని నవ్వుట న్యాయము కాదు. విద్యార్థి వీసాకును సందర్శక వీసాకును 2023 జూన్ 17 నుండి రుసుము 160 డాలర్లనుండి 185 డాలర్లకు పెంచిరి. వీసా రాకున్నను ఆ రుసుము తిరిగి రాదు.

ఇప్పుడు చేయవలసినది చెప్పెదము. సిద్ధము చేసికొనవలసిన కాగితముల పట్టిక ముందుగా చూపవలెను. ప్రయాణకారణమునుబట్టి ప్రశ్నలు ఇప్పుడును కొంత మాఱుచున్నవి. ఆ పద్ధతిని పూర్తిచేసి, సంబంధము లేని ప్రశ్న నొక్కటియు నుంచరాదు. ఒక పుట కొక విషయము చాలును. ప్రతి యుత్తరమును వ్రాసినంతనే దానంతటదియే భద్రపడవలెను. తప్పు జరిగినచో, జరిగిన గడిప్రక్కనే, దిద్దుకొను విధము చెప్పవలెను. ప్రశ్న యేల వేయుచున్నారో ఒక్క వాక్యమున తెలుపవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, పత్రము కూర్చినవారు కరీంనగరపు విద్యార్థినొకని, తెనాలి వృద్ధురాలినొకతెను ఎదుట కూర్చుండబెట్టి, నోరు మెదపక, వా రెక్కడ నాగుదురో చూడవలెను. ఆగిన చోటెల్ల దిద్దవలసిన చోటే.

ఇవి గాలిమేడలు కావు. బ్రిటిషు ప్రభుత్వము 2012లో తన కార్యాలయముల వెబ్‌సైటులను ఒక్కచోట చేర్చుట కారంభించి, వాడువారి యవసరమే మొదటి సూత్రమని ప్రకటించినది. అమెరికా శాసనసభయు ప్రజలకొఱకు వ్రాయు ఫారములు తేటమాటలలో నుండవలెనని 2010లో చట్టము చేసినది. కావున మేము కోరునది పరాయి ధర్మము కాదు, వారు వ్రాసికొన్న ధర్మమే.

పరప్రభుత్వమును దిద్ద మన మెవర మందురా? ఆ దేశమున 1980 నాటి చట్టము ననుసరించి ఇట్టి పత్రములకు మూడేండ్లకు మించి యొకసారి అనుమతి దొరకదు. అనుమతి పొడిగింపగోరునప్పుడెల్ల అరువది దినములును, మరల ముప్పది దినములును ప్రజాభిప్రాయము కోరుదురు. అక్కడి తెలుగు సంఘములు ఉత్సవముల కుపయోగించు శ్రద్ధలో పదియవవంతు దీనికి వినియోగించి, చిక్కు లెక్కడెక్కడనో వ్రాసి పంపినచో ఎంత మేలు! ఇచ్చట మన యిండ్లలోను ఒక దురాచారము పోవలెను. దళారి నింపిన పత్రమును చదువకయే తల్లిదండ్రులచేత ఒప్పుకోలు మీట నొక్కించుట పాపము. ఎవరు నింపినను బాధ్యత ఒప్పుకొన్నవారిదే. చదువుకొన్న కొడుకులు, కోడండ్రు ప్రతి ప్రశ్నను తెలుగున చెప్పి, వారి నోట వచ్చిన యుత్తరమునే వ్రాయవలెను.

గడప కడ నిలిచినవానిని లోనికి రానిచ్చుటయో, పంపివేయుటయో ఇంటివాని యిష్టము. కాని యెవరవని యడుగుమాట తెలియునట్లు అడుగుట ఇంటివాని ధర్మము. ఆ ధర్మము తప్పినంతకాలము, పత్రమున దొరలు తప్పులలో సగము అడిగినవాని ఖాతాలోనే వ్రాయవలెను.